మూడు దిండ్లు, తగ్గిపోయిన టిక్ టిక్: ఈ వారం వాల్వు ఉత్తరాలు

ఈసారి ఉత్తరాల్లో గుండె వాల్వుల గురించే ఎక్కువ వచ్చాయి, మూడు తీసుకున్నా. బ్లాకు, చిల్లు, వాల్వు ఈ మూడూ ఒకటే జబ్బు అనుకుని రాసేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి ముందు అది చెప్పేస్తా. బ్లాకు అంటే గుండెకి రక్తం ఇచ్చే గొట్టంలో అడ్డు, చిల్లు అంటే గదుల మధ్య గోడకి పడేది, వాల్వు అంటే రక్తం ఒకవైపుకే పోయేలా చూసే తలుపు. ఇలాంటివి నాలుగుంటాయి. తలుపు సరిగ్గా తెరుచుకోకపోయినా తంటానే, సరిగ్గా మూసుకోకపోయినా తంటానే.

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నాకు 26 ఏళ్ళు, రెండో కాన్పు, ఐదో నెల నిండింది. మెట్లెక్కితే ఆయాసం. మా అత్తమ్మ కడుపుతో ఉన్నప్పుడు అందరికీ ఉండేదేలే అంటుంది. రాత్రి మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే గానీ నిద్ర పట్టట్లేదు, మధ్యలో దగ్గొచ్చి లేచి కూర్చుంటున్నా. గుండెకి ఎకో స్కాన్ తీసి సివియర్ మైట్రల్ స్టెనోసిస్, వాల్వు 1.0 అని రాశారు, బెలూన్ వెయ్యాలంటున్నారు. మొదటి కాన్పుకి ఏమీ కాలేదు కదా, ఇప్పుడెందుకు ఇలా? కడుపు తీయించుకోవాలా? – ఒక సోదరి, నంద్యాల జిల్లా

జవాబు: అమ్మా, మీ అత్తమ్మ చెప్పింది మెట్ల వరకూ నిజమే, ఐదో నెలలో మెట్లెక్కితే చాలామందికి ఆయాసం వస్తుంది. కానీ మూడు దిండ్లు అందరికీ ఉండవు. పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చోవడం అంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని, ఈ ముక్క ఆమెకి చదివి వినిపించండి. నార్మల్ డెలివరీ అవ్వాలని ఇల్లు తుడవమనీ బాగా నడవమనీ అంటున్నారేమో, ఆ పనులు మీకు ఇప్పుడొద్దు.

మైట్రల్ అంటే గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే వాల్వు, స్టెనోసిస్ అంటే అది ఇరుకవ్వడం. ఆ వాల్వు మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాలి, మీకు ఒకటే తెరుచుకుంటోంది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, గుండె కూడా వేగంగా కొట్టుకుంటుంది. పెళ్ళి భోజనాలకి జనం పెరిగిపోయి హాలు తలుపు మాత్రం ఒంటి రెక్కే తెరిస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట, లోపలికి పోలేని రక్తం వెనక్కి ఊపిరితిత్తుల మీద పడుతుంది. మొదటిసారి అప్పటికి దారి ఇంత ఇరుకయ్యి ఉండదు, ఈ జబ్బు ఏళ్ళ తరబడి మెల్లగా ముదురుతుంది. మన దగ్గర దీనికి ఎక్కువగా కారణం చిన్నప్పటి కీళ్ళవాత జ్వరం. మీ అమ్మగారిని అడిగి చూడండి, చిన్నప్పుడు మోకాలు వాచి అది తగ్గేలోపు మడమకో మోచేతికో నొప్పి వెళ్ళిందా అని. గుర్తులేదన్నా ఆశ్చర్యం లేదు, చాలామందికి గుర్తుండదు.

ఇక బెలూన్. కడుపు తీయించుకునే మాట అప్పుడే ఎందుకమ్మా. తొడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపి, అతుక్కుపోయిన వాల్వు రెక్కల మధ్య బెలూన్ ఉబ్బించి విడదీస్తారు. జపాన్ డాక్టర్ కంజీ ఇనోయే ఈ పద్ధతిని 1984లో లోకానికి చెప్పాడు, ఛాతీ కొయ్యక్కర్లేదు. ఐదో నెల దాటాక, పొట్టకి ఎక్స్‌రే తగలకుండా సీసం కప్పు వేసి గర్భిణులకీ చేస్తారు. కాకపోతే రెక్కలు మరీ గట్టిపడి ఉండకూడదు, లోపల రక్తపు గడ్డ ఉండకూడదు, లీకు ఎక్కువ ఉండకూడదు. మీ ఎకో చూసినవాళ్ళని ఈ మూడూ అడగండి, వారాలు జరపకండి. మందుల డోసు వాళ్ళే చెప్పాలి, నేను ఇక్కడ రాయను. కాన్పు మాత్రం గుండె డాక్టరు ఉన్న పెద్దాసుపత్రిలోనే, ఎందుకంటే బిడ్డ బయటికొచ్చాక ఒకట్రెండు రోజులే అన్నిటికన్నా గండం. ఖర్చు గురించి అక్కడి ఆరోగ్యమిత్రని అడగండి (పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, మనకి నోరు తిరిగేది ఆరోగ్యశ్రీయే).

ప్రశ్న: సార్, నాకు 51. మెటల్ వాల్వు వేసి పదేళ్ళయింది, మైట్రల్. రక్తం పల్చబడే ఎసిట్రోమ్ వాడతా. గోంగూర, పాలకూర మానెయ్యాలా అని ఒక డౌటు. పోయిన నెల పన్ను పీకించుకోడానికి వారం బిళ్ళలు ఆపాను, మళ్ళీ మొదలుపెట్టడం కొంచెం లేటయింది. రాత్రిళ్ళు ఛాతీలోంచి గడియారంలా టిక్ టిక్ వినపడి మా ఆవిడ విసుక్కునేది, ఈ మధ్య ఆ సౌండు తగ్గింది, ఇద్దరికీ హాయిగా ఉంది. – కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఈయన ఫోన్ నంబరు కూడా రాశారు కాబట్టి ఉత్తరం చదివిన రోజే ఫోన్ చేసి అర్జెంటుగా ఆసుపత్రికి వెళ్ళమన్నాం. మిగతావాళ్ళ కోసం రాస్తున్నా. మెటల్ వాల్వు ఉన్నవాళ్ళకి ఆ టిక్ టిక్కే ధైర్యం. అది మందగించినా, వినపడటం మానేసినా వాల్వు మీద గడ్డకట్టి రెక్క ఇరుక్కుందేమో అని అనుమానించాలి, ఆయాసం వచ్చేదాకా ఆగకూడదు. అడిగింది గోంగూర గురించి, అసలు సంగతి చివర్లో హాయిగా ఉందని రాశారు చూడండి!

పన్ను కోసం ఎసిట్రోమ్ సొంతంగా ఎప్పుడూ ఆపకండి. చాలాసార్లు ఆపకుండానే పన్ను తీయొచ్చు, ముందు ఐఎన్ఆర్ (రక్తం ఎంత పల్చగా ఉందో చెప్పే పరీక్ష) చూసుకుంటే చాలు. మైట్రల్ మెటల్ వాల్వుకి మామూలుగా అది 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు, మీది ఎంత ఉండాలో మీ డాక్టర్ని అడిగి చీటీ మీద రాయించుకోండి. పన్ను పీకే గంట ముందు వేసుకోవాల్సిన యాంటీబయోటిక్ కూడా ఉంటుంది, లేకపోతే నోట్లో క్రిములు రక్తంలోకెళ్ళి వాల్వు మీద కూర్చుంటాయి. అందుకే పళ్ళ డాక్టరు కుర్చీ ఎక్కగానే మొదటి మాట "నాకు మెటల్ వాల్వు ఉంది" అనాలి. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో పెయిన్ కిల్లర్ అడిగి తెచ్చుకోవడం కూడా బంద్, ఎసిట్రోమ్‌తో కలిస్తే లోపల రక్తస్రావం అవుతుంది.

ఆకుకూర మానక్కర్లేదు. వారమంతా ముట్టకుండా ఉండి ఆదివారం పళ్ళెం నిండా పెట్టుకుంటేనే ఐఎన్ఆర్ గాడి తప్పుతుంది. రోజూ ఒకే లెక్కలో తినండి.

ప్రశ్న: మా బాబు ఎనిమిదో క్లాసు. కీళ్ళవాత జ్వరం వచ్చి వాల్వు కొంచెం లీకు అన్నారు. 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్ వేయిస్తున్నాం. నొప్పికి ఏడుస్తున్నాడు, ఇప్పుడు బాగానే ఆడుకుంటున్నాడు, ఆపొచ్చా? – ఒక తల్లి, శ్రీకాకుళం

జవాబు: ఆపొద్దమ్మా. బాగా ఆడుకుంటున్నాడంటే ఇంజక్షన్ పనిచేస్తోందనే. గొంతునొప్పి తెచ్చే ఒక రకం క్రిమి మళ్ళీ తగిలిన ప్రతిసారీ ఒళ్ళు దాని మీద చేసే యుద్ధంలో వాల్వు ఇంకొంచెం దెబ్బతింటుంది, దాన్ని రానివ్వకుండా ఆపేది ఈ సూదే. లీకు మిగిలిపోతే కనీసం పదేళ్ళు లేదా 40 ఏళ్ళ వయసు దాకా, ఏది ఎక్కువైతే అది వేయిస్తారు. మందులో నొప్పి తగ్గించే లిగ్నోకైన్ కలపొచ్చేమో డాక్టర్ని అడగండి, చాలా తేడా ఉంటుంది. రియాక్షన్ భయంతో ఊళ్ళో ఆర్‌ఎంపీ వెయ్యనంటే ఆయన్ని బలవంతం చెయ్యకండి, ఎమర్జెన్సీ మందులున్న చోటే వేయించండి. నెలకోసారి అని గుర్తుపెట్టుకుంటే రోజులు జారిపోతాయి, ఇంజక్షన్ వేసిన రోజే 21 లెక్కపెట్టి క్యాలెండర్‌లో సున్నా చుట్టెయ్యండి.