మజ్దా 13బి రోటరీ ఇంజన్‌ని సొంతంగా కట్టుకునే జైరోప్లేన్‌కి పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. జైరోప్లేన్ అంటే తల మీద గాలికి తిరిగే రోటర్‌తో తేలుతూ, వెనక ప్రొపెల్లర్ నెడితే ముందుకెళ్లే చిన్న విమానం. రోటరీ అంటే పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్లు తిరిగే ఇంజన్. ప్రశ్న అడిగిన తమ్ముడు భీమవరంలో మెకానికల్ చదువుతున్నాడట. మజ్దా ఆర్‌ఎక్స్-8 కారు ఇంజన్ (అదీ 13బినే) ఒకటి చవగ్గా దొరికే దారి ఉందట, జైరోలకి మామూలుగా పెట్టే రోటాక్స్ ఇంజన్ కొనే స్తోమత లేదట, "పవర్ సరిపోతుందా" అని అడిగాడు. పవర్‌కి ఏ ఢోకా లేదు. 100 హార్స్‌పవర్ రోటాక్స్ 912తో జైరోలు హాయిగా ఎగురుతున్నాయి, రెండు రోటర్ల 13బి దాన్ని అవలీలగా దాటేస్తుంది. అసలు అడగాల్సింది గేరు గురించి, ఆయిల్ కూలర్ గురించి. అవి ఎవరూ అడగరు.

ఇంత ధీమా ఎందుకంటే, షార్జాలో ఓ గ్యారేజీలో ఈ ఇంజన్లు విప్పి బిగించడమే నా పని. మా రాజోలు వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు డ్రైవర్లో, ఏసీ మెకానిక్కులో అవుతారు. నా అదృష్టం కొద్దీ రోటర్ మూలల్లో ఉండే అపెక్స్ సీళ్లు నా చేతికొచ్చాయి. ఒక్కో రోటర్‌ది 654 సీసీ, రెండూ కలిపి 1308. వాల్వులు లేవు, కనెక్టింగ్ రాడ్లు లేవు. విరిగి బయటికి పొడుచుకొచ్చేది ఏదీ లేదు. సీలు పోతే పవర్ పడిపోతుంది గానీ ఇంజన్ చాలావరకు తిరుగుతూనే ఉంటుంది. కోనసీమ మీద ఎగరాలనుకునేవాడికి ఇంతకన్నా పెద్ద వరం లేదు. జైరో చిన్న జాగాలో కూడా దిగగలదని పుస్తకాల్లో రాస్తారు, నిజమే. మరి ఇక్కడ ఆ చిన్న జాగా ఎక్కడుంది? కొబ్బరి తోట, పక్కనే రొయ్యల చెరువు, గట్టు మీద కరెంటు తీగలు. ఒకప్పుడు వరి కోసిన చేలైనా ఉండేవి, అవీ చెరువులైపోయాయి.

మా బావకి ఆక్వాలో నాలుగు డబ్బులు కనబడగానే గాల్లో ఎగరాలని పుట్టింది. పాత 13బి ఒకటి సంపాదించాడు, ఇనప గొట్టాలతో ఫ్రేమ్ వెల్డింగ్ చేయించాడు. ఆ ఏడు నేను సెలవుకి వచ్చేసరికి రైస్ మిల్లు కళ్లంలో దాన్ని సిద్ధంగా ఉంచాడు. ఫ్రేమ్ కింద పొడుగునా ఉండే కీల్ గొట్టానికి గొలుసు కట్టి, రెండో కొస కొబ్బరి చెట్టుకి బిగించి, మధ్యలో రొయ్యల ట్రేలు తూచే వేలాడే కాటా పెట్టాడు, ప్రొపెల్లర్ ఎంత బలంగా నెడుతుందో చూద్దామని. ఆలోచన మంచిదే. మే నెల, మధ్యాహ్నం, ఒళ్లంతా జిడ్డు చెమట.

స్టార్ట్ చేశాం. ఆ చప్పుడు విననివాడికి చెప్పలేను. రోటరీలోంచి వచ్చే పొగ మామూలు ఇంజన్ పొగ కన్నా బాగా వేడి, పైగా ఒక్కసారిగా కొట్టినట్టు వస్తుంది. బావ డీజిల్ ఇంజన్‌కి వాడే సైలెన్సర్ తగిలించాడు. కాసేపటికే దాని లోపలి రేకులు ఊడి, ఎర్రగా కాలిన ముక్కలు వెనక్కి ఎగిరాయి. ఆ వెనకే ప్రొపెల్లర్ తిరుగుతోంది. దేవుడి దయ, బ్లేడుకి గీత పడి ఊరుకుంది. జైరోలో ఇంజన్ మన వీపు వెనక, ప్రొపెల్లర్ దాని వెనక ఉంటుంది కాబట్టి ఎగ్జాస్ట్‌లోంచి చిన్న నట్టు ఊడినా నేరుగా బ్లేడుల్లోకే పోతుంది. ప్రతి నట్టుకీ ఊడకుండా లాక్ వైరు వేయండి.

సైలెన్సర్ పీకేసి మళ్లీ తిప్పాం. బావ కళ్లన్నీ నీళ్ల టెంపరేచర్ మీటర్ మీదే. అది బుద్ధిగా ఉంది. "చూశావా, అనవసరంగా టెన్షన్ పడ్డావు" అన్నాడు. "బావా, నీళ్లది కాదు, ఆయిల్ మీటర్ చూడు" అన్నాను. అప్పటికే 110 దాటి పైకి పోతోంది. ఈ ఇంజన్లో రోటర్లని చల్లబరిచేది ఆయిలే. బయటికి పోవాల్సిన వేడిలో దాదాపు మూడో వంతు ఆయిల్ మోస్తుంది. 100 డిగ్రీల లోపు ఉంచగలిగితేనే ముందుకెళ్లాలి. బావ పెట్టిన కూలర్ కారుదే, సైజులో లోటు లేదు. కానీ కారు ముందు భాగంలో గాలికి ఎదురుగా ఉండాల్సినదాన్ని సీటు వెనక దాచాడు, అక్కడ గాలి ఆడదు. తర్వాత దాన్ని ప్రొపెల్లర్ గాలి పీల్చుకునే చోటికి మార్చి, చుట్టూ రేకుతో డక్టు కడితే మీటర్ దిగింది.

ఈలోగా పక్క చెరువు రైతు పరుగెత్తుకొచ్చాడు. "ఏవండోయ్, తవరి విమానం దెబ్బకి మా రొయ్యలు మేత ముట్టట్లేదండి!" బావ ఆయనకి నచ్చజెప్పబోయాడు. "ఆయ్, మీకైతే సరదా, మాకు రొయ్య ఎదగదండి" అని ఆయన గొలుసు పట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజుకి అంతే.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయొద్దు. మా వైపు ఏ బోరు కొట్టినా ఉప్పే, చెరువుల పుణ్యం. లోపల అల్యూమినియం, ఇనుము రెండూ ఉన్నాయి, ఉప్పునీళ్లకి తినేస్తుంది. కూలెంట్ కొనండి. పెట్రోల్ సంగతి ఇంకో తలనొప్పి. ఇప్పుడు బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. మన తేమకి ట్యాంకులో నిలవ ఉంచితే నీళ్లు పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులు ఉబ్బిపోతాయి. సీళ్ల కోసం పెట్రోల్లో టూ-స్ట్రోక్ ఆయిల్ కొద్దిగా కలపడం నా అలవాటు.

ఇక గేరు. 13బి 6000 ఆర్‌పీఎం దగ్గర బాగా లాగుతుంది. 1.73 మీటర్ల ప్రొపెల్లర్‌ని నేరుగా దానికి తగిలిస్తే బ్లేడు కొస వేగం సెకనుకి 540 మీటర్లు దాటుతుంది. ధ్వని వేగమే 350 దగ్గర, దాన్ని దాటిన బ్లేడు సరిగ్గా నెట్టలేదు. 2.85 నిష్పత్తి గేరు పెడితే ప్రొపెల్లర్ 2100 దగ్గర తిరుగుతుంది, కొస వేగం 190కి దిగుతుంది. జైరోకి కావాల్సింది అదే, పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరగడం. బయట దొరికే 2.17 గేరు విమానాలకి బాగుంటుంది, జైరోకి నాకు నచ్చదు. పాలకొల్లు లేత్ మేస్త్రి ఒకాయన "ఏరేటర్ గేరుబాక్సులు వందలు బాగుచేశానండి, ఇదెంత" అన్నాడు. ఏరేటర్ గేరు ఆగిపోతే చెరువులో ఆక్సిజన్ తగ్గుతుంది. ఇది ఆగిపోతే దిగాల్సింది నువ్వు.

పెద్ద ప్రొపెల్లర్‌తో ఒక మెలిక ఉంది, నన్నడిగితే ప్రాణాలు తీసేది అదే. బ్లేడు పొడవు పెరిగితే కింద కీల్‌కి తగలకుండా ఇంజన్‌ని పైకెత్తాలి. అప్పుడు ప్రొపెల్లర్ నెట్టే గీత మొత్తం యంత్రం గురుత్వ కేంద్రానికి పైన పడి, ఎప్పుడూ ముక్కుని కిందికి తోస్తుంటుంది. తల మీది రోటర్ మన బరువు మోస్తున్నంతసేపు తెలియదు. కుదుపుకో, కంట్రోలు కర్ర గబుక్కున ముందుకి తోయడం వల్లో ఆ బరువు తేలిపోయిందా, ముందుకి పల్టీయే, మళ్లీ లేవదు. 1950ల్లో ఇగోర్ బెన్సెన్ ప్లాన్లు అమ్మిన జైరోకి 72 హార్స్‌పవర్ మెకల్లక్ ఇంజన్, గేరు లేకుండా చిన్న ప్రొపెల్లర్ ఉండేవి. తర్వాతివాళ్లు అలాంటి ఫ్రేముల మీదే పెద్ద ఇంజన్లు, పెద్ద ప్రొపెల్లర్లు ఎక్కించి చచ్చిపోయారు. అందుకే సీటు, ఇంజన్ రెండూ పైకెత్తి పొడుగు చక్రాల కాళ్లు పెట్టాలి, వెనక అడ్డ తోక తప్పనిసరి. రేడియేటర్లు, గేరు, ఆయిల్ కలిపితే 13బి బరువు రోటాక్స్‌కి రెట్టింపు దాటుతుంది, దాన్ని కూడా లెక్కేయాలి. మనిషిని కూర్చోబెట్టి, తాళ్లతో వేలాడదీసి గురుత్వ కేంద్రం ఎక్కడుందో కొలవకుండా ప్రొపెల్లర్ ఆర్డర్ పెట్టొద్దు. యూట్యూబ్‌లో బైక్ ఇంజన్‌తో జైరో లేపే కుర్రాళ్లలో ఒక్కడు కూడా ఈ వేలాడదీసే ముక్క చూపించడు. వ్యూస్ రావు కదా.

రోటరీ మన దేశంలో గాల్లోకి లేవలేదని అనేవాళ్లకి ఒక మాట. నిశాంత్ డ్రోన్ కోసం మన ప్రభుత్వ పరిశోధన సంస్థలు ఎన్ఏఎల్, వీఆర్‌డీఈ, ఏడీఈ కలిసి 55 హార్స్‌పవర్ వాంకెల్ ఇంజన్, అంటే రోటరీయే, తయారుచేశాయి. మనకి చేతకానిదేమీ కాదు.

బావ ఫ్రేమ్ కోసి మళ్లీ కడుతున్నాడు, ఈసారి నేను గీసిన కొలతలకి. స్టాండు మీద ఎంత తిప్పినా రొయ్యల రైతు తప్ప ఎవరూ అడగరు గానీ, మనిషిని కూర్చోబెట్టి ఎగరాలంటే విమానాల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ రిజిస్ట్రేషన్, పర్మిషన్ కావాలి. ఆ కాగితాల పని ఇంజన్ పనికి ముందే మొదలుపెట్టు తమ్ముడూ. నీకు దొరికేది ఆర్‌ఎక్స్-8ది అంటున్నావు, దాని కంప్రెషన్ రీడింగులు రెండు రోటర్లవీ విడివిడిగా తీయించి, నువ్వు అనుకుంటున్న ప్రొపెల్లర్ పొడవుతో పాటు కింద రాయి. కొనొచ్చో లేదో చెప్తాను.