పగడాల తొట్టెలో సున్నం లెక్కలు

ఈసారి ఉత్తరాలన్నీ రీఫ్ ట్యాంకుల (పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టెల) గురించే. అందులోనూ కాల్షియం, ఆల్కలినిటీల (నీళ్లలోని బైకార్బొనేట్, కార్బొనేట్‌ల నిల్వ) గురించే. కాల్షియంను పీపీఎంలో (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లో), ఆల్కలినిటీని డీకేహెచ్‌లో కొలుస్తారు. కొన్ని ఎంచి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: రాళ్లూ ఇసుకా పోను నికరంగా 200 లీటర్ల నీళ్లున్న ట్యాంక్ మాది. అక్రోపోరా, మాంటిపోరా పగడాల ముక్కలు ఉన్నాయి. నెల రోజులుగా పెరుగుదల ఆగిపోయింది, రంగు తగ్గింది. కాల్షియం 380 పీపీఎం, ఆల్కలినిటీ 6.2 డీకేహెచ్ చూపిస్తున్నాయి. కాల్షియం ద్రావణం రోజూ పోస్తూనే ఉన్నాను. డోసు పెంచమంటారా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: పెంచకండి. ఒంటెద్దుతో బండి తోలుతున్నారు మీరు. పగడం కట్టుకునే గూడు కాల్షియం కార్బొనేట్. అందులో సగం పాలు కాల్షియం నుంచి, మిగతా సగం ఆల్కలినిటీ నుంచి రావాలి. పగడాలు 1 డీకేహెచ్ ఆల్కలినిటీ వాడుకుంటే దాంతోపాటు సుమారు 7 పీపీఎం కాల్షియం వాడుకుంటాయి. ఒకటి ఆపేసి రెండోది ఎంత పోసినా గూడు కట్టడం సాగదు.

ఆల్కలినిటీ ముందు ఎందుకు పడిపోయిందంటే, దాని నిల్వ చిన్నది. ట్యాంకు రోజుకు 0.6 డీకేహెచ్ తింటోందనుకోండి. 8లో 0.6 అంటే కిట్‌లో స్పష్టంగా కనిపించే తగ్గుదల. అదే రోజు తగ్గిన కాల్షియం 420లో నాలుగు పీపీఎం. అంత చిన్న తేడాను ఏ ఇంటి కిట్టూ పట్టుకోలేదు. అందుకే కొత్త ట్యాంకులో ఆల్కలినిటీ రోజూ, కాల్షియం వారానికోసారి, మెగ్నీషియం నెలకోసారి కొలిస్తే చాలంటాం.

ముందు లోటు పూడ్చాలి. 100 లీటర్లలో 1 డీకేహెచ్ పెంచడానికి వంట సోడా (సోడియం బైకార్బొనేట్) 3 గ్రాములు పడుతుంది. మీ నీళ్లకు 6 గ్రాములు. 6.2 నుంచి 8కి రావాలంటే 10.8 గ్రాములు. అదంతా ఒక్కరోజే వేయకండి. రోజుకు మూడున్నర గ్రాములు అర లీటరు ఆర్‌వో నీళ్లలో కరిగించి, నీటి ప్రవాహం జోరుగా ఉన్నచోట నెమ్మదిగా పోయండి. పగడాలు మధ్యలో తింటూనే ఉంటాయి కాబట్టి మూడు రోజుల లెక్క అయిదారు రోజులైనా కంగారు పడొద్దు. రోజుకు 1 డీకేహెచ్ మించి పెరగకూడదన్నదే ముఖ్యం. కాల్షియం 380 నుంచి 420కి తేవడానికి కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 29 గ్రాములు కావాలి, రెండు మూడు రోజులకు పంచండి.

తర్వాత ఏమీ పోయకుండా మూడు రోజులు ఆగండి. లైట్లు వెలిగే ముందు, రోజూ ఒకే వేళకు ఆల్కలినిటీ కొలిచి రాసుకోండి. 8.0, 7.4, 6.8 వచ్చాయంటే మీ ట్యాంకు ఆకలి రోజుకు 0.6. సీసా మీద రాసిన డోసు ఎవరి ట్యాంకుకో సరిపోయేది, మీది మాత్రం ఈ అంకె.

ద్రావణాలు ఇంట్లోనే కలుపుకోవచ్చు. ఒక లీటరు సీసాలో కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 147 గ్రాములు, ఇంకో లీటరు సీసాలో సోడియం కార్బొనేట్ 106 గ్రాములు. ఈ తూకంలో రెండూ జోడెడ్లలా సమానంగా నడుస్తాయి. మీ 200 లీటర్లకు 1 డీకేహెచ్ అంటే సోడియం కార్బొనేట్ ద్రావణం 36 మి.లీ. 0.6కి 21 మి.లీ. కాల్షియం ద్రావణమూ అంతే పోయండి, అరగంట ఎడంతో, వేరే చోట. మళ్లీ వారం రోజులు కొలిచి ఒకటి రెండు మి.లీ. అటూ ఇటూ సర్దుకోండి.

కాల్షియం క్లోరైడ్ కొనేటప్పుడు డైహైడ్రేటా, అన్‌హైడ్రసా అని డబ్బా మీద చూడండి. అన్‌హైడ్రస్ అయితే 147 బదులు 111 గ్రాములే. గాలిలో తేమ పీల్చి గడ్డకట్టిన పొడిని తూకం వేస్తే లెక్క తప్పుతుంది. పొడిని నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, బాగా వేడెక్కుతుంది. పొడి మీద నీళ్లు పోయకూడదు.

ప్రశ్న: సోడియం కార్బొనేట్ మా ఊళ్లో దొరకలేదు. వంట సోడాను ఓవెన్‌లో కాలిస్తే అదే అవుతుందంటారు, నిజమేనా? బేకింగ్ పౌడర్ పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నిజమే. 168 గ్రాముల తినే సోడాను పళ్లెంలో పలచగా పరిచి, 150 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి. ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పోయి 106 గ్రాములు మిగలాలి. తీసి తూకం వేయండి. ఇంకా 120 ఉంటే పని పూర్తి కాలేదు, కలియబెట్టి మళ్లీ పెట్టండి. తూకమే ఇక్కడ పరీక్ష, ఇంకో కిట్ అక్కర్లేదు.

కాల్చకుండా వాడినా ఆల్కలినిటీ వస్తుంది. కానీ అది నీళ్లలో తక్కువ కరుగుతుంది కాబట్టి లీటరుకు 84 గ్రాములే కలిపి డోసు రెట్టింపు పోయాలి. త్వరగా కరుగుతుందని వేడి నీళ్లు వాడొద్దు. తేడా పీహెచ్‌లో ఉంటుంది. కాల్చిన సోడా పీహెచ్ పెంచుతుంది, కాల్చనిది పోసిన కాసేపు కొద్దిగా దించుతుంది. తలుపులు బిగించి ఏసీ వేసుకునే గదుల్లో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ 7.8, 7.9 దగ్గరే ఆగిపోతుంది. అక్కడ కాల్చిందే నయం.

బేకింగ్ పౌడర్ ముట్టుకోవద్దు. అందులో పిండి, ఆమ్ల లవణాలు, చాలావాటిలో ఫాస్ఫేట్ ఉంటాయి. బట్టల సోడా పేరుతో అమ్మేదీ వద్దు, కలిపినవేమిటో ప్యాకెట్ మీద ఉండదు.

ప్రశ్న: కాల్క్‌వాసర్ అంటే సున్నపు తేటే కదా? కిళ్లీ సున్నం వాడొచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అదే. జర్మన్ మాటకు అర్థం సున్నపు నీళ్లు. కాల్షియం, ఆల్కలినిటీ రెండూ పగడాలకు కావలసిన పాళ్లలోనే ఉంటాయి, ఉప్పు మిగలదు, పైగా పీహెచ్ పెంచుతుంది. చవక కూడా. చిన్న ట్యాంకుకు మా మొదటి ఓటు దీనికే.

కిళ్లీ సున్నం మాత్రం వద్దు. ముద్దలో నీరెంతో, ఇంకేం కలిపారో తెలియదు. గోడలకు వేసే సున్నం అసలు వద్దు, మట్టి, మెగ్నీషియం, నీలిమందు అన్నీ ఉండొచ్చు. ఆహారానికి పనికొచ్చే గ్రేడ్ లేదా ల్యాబ్ గ్రేడ్ కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి కొనండి. మూత బిగుతుగా లేకపోతే గాలి తగిలి వట్టి సుద్దపొడి అవుతుంది.

ఆవిరైన నీళ్ల స్థానంలో దీన్ని పోయాలి. లీటరు ఆర్‌వో నీళ్లకు అర గ్రాముతో మొదలుపెట్టండి. ఒకటిన్నర గ్రాము దాటి వేసినా కరగదు, అడుగున పేరుకుంటుంది. వేడి నీళ్లలో ఇంకా తక్కువ కరుగుతుంది. కలిపి కొన్ని గంటలు కదపకుండా ఉంచి, పైన తేరిన తేట మాత్రమే తీసుకోండి. అడుగు మడ్డి ట్యాంకులోకి వెళ్లకూడదు. పైన మీగడలా కట్టే తెల్లటి పొర గాలి తగిలి ఏర్పడిన కార్బొనేట్, దాని జోలికి పోవద్దు. కళ్లలో పడితే ప్రమాదం, పొడి పీలిస్తే గొంతు మండుతుంది.

లీటరుకు 1 గ్రాము చొప్పున కలిపింది రోజుకు 2 లీటర్లు పోస్తే 200 లీటర్ల ట్యాంకులో 0.75 డీకేహెచ్ చేరుతుంది. చిక్కు ఎక్కడంటే, ఇది ఆవిరికి ముడిపడి ఉంది. మే నెలలో నీళ్ల మీదికి ఫ్యాన్ పెడితే 4 లీటర్లు ఆవిరవుతాయి, ఆషాఢంలో ముసురు పడితే లీటరున్నర కూడా కాదు. సీసాలో అదే మోతాదు ఉంటే ఎండాకాలం ఆల్కలినిటీ ఎగబాకుతుంది, వానాకాలం దిగిపోతుంది. ఋతువు మారినప్పుడల్లా లీటరుకు వేసే గ్రాములు మార్చండి.

ఒకేసారి గుమ్మరించకూడదు. పీహెచ్ రాత్రిపూట తగ్గుతుంది కాబట్టి బొట్టు బొట్టుగా రాత్రే పడేలా డోసింగ్ పంప్ పెట్టండి. నీటిమట్టాన్ని బట్టి పంపును నడిపే ఫ్లోట్ స్విచ్ ఇరుక్కుంటే డబ్బా మొత్తం ఖాళీ అవుతుంది. అందుకే రెండు రోజులకు సరిపోయేంత చిన్న డబ్బానే వాడండి. అయినా జరిగి నీళ్లు పాలలా తెల్లబడితే ముందు పంపు ఆపి పీహెచ్ చూడండి. 8.6 దాటితే ఏ రుచీ కలపని మామూలు సోడా నీళ్లు ట్యాంకు నీళ్లు లీటరుకు ఒకటిన్నర మి.లీ. చొప్పున సంప్‌లో (ట్యాంకుకు కలిపి ఉండే వడపోత తొట్టెలో) నెమ్మదిగా పోస్తూ పీహెచ్ కొలుస్తూ ఉండండి. 8.6 లోపే ఉంటే ఏమీ చేయకండి, రెండు రోజుల్లో తేరుకుంటుంది.

ప్రశ్న: రుషికొండ దగ్గర సముద్రపు నీళ్లు తెచ్చి వాడుతున్నాం. వర్షాలయ్యాక తెచ్చినవాటిలో కాల్షియం 355, మెగ్నీషియం 1100. ఎంత కలపాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు ఉప్పదనం ఎంతో చెప్పాలి. మీ రెండు అంకెలూ ఒకే నిష్పత్తిలో తగ్గాయి, అదే ఆనవాలు. సాధారణ సముద్రపు నీటిలో ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35) దగ్గర కాల్షియం 415 ప్రాంతంలో, మెగ్నీషియం 1290 ప్రాంతంలో ఉంటాయి. 30 పీపీటీకి పలచబడితే సరిగ్గా మీకొచ్చిన అంకెలే వస్తాయి. నదులు తెచ్చే నీళ్లతో బంగాళాఖాతం పైపొర వర్షాకాలంలో పలచబడుతుంది. మీరు కాల్షియం, మెగ్నీషియం పొడులు కలిపితే అవి సరిపోతాయి, మిగతా లవణాలన్నీ తక్కువగానే ఉండిపోతాయి. సాల్ట్ మిక్స్ కలిపి 35కి తెచ్చి, అప్పుడు కొలవండి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను వట్టి నీళ్లతో కాదు, 35 పీపీటీ ప్రమాణ ద్రావణంతో సరిచూసుకోండి.

ఉప్పదనం సరిగ్గా ఉండి కూడా మెగ్నీషియం 1200 కంటే తక్కువుంటే అప్పుడు కలపాలి. కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు పెరగకుండా అడ్డుపడేది మెగ్నీషియమే. అది తగ్గితే హీటర్ మీదా పంపు ఇంపెల్లర్ (లోపల తిరిగే రెక్క) మీదా తెల్లటి గార కడుతుంది, మీరు పోసినదంతా పగడాలకు కాక ఆ గారకే పోతుంది. 200 లీటర్లలో 100 పీపీఎం పెంచడానికి మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 167 గ్రాములు, రెండు మూడు రోజుల్లో.

ప్రశ్న: అడుగున పగడపు ఇసుక దండిగా పోశాం. అయినా కాల్షియం ఎందుకు పెరగట్లేదు? బీచ్‌లో దొరికే పగడపు ముక్కలు వేస్తే?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: 8 దాటిన పీహెచ్‌లో ఆ ఇసుక కరగదు. కాల్షియం రియాక్టర్‌లో (పగడపు ముక్కలు నింపిన గొట్టంలో) కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి పీహెచ్‌ను 6.5 దాకా దించేది ఆ ముక్కలు కరగడానికే. పెద్ద ట్యాంకులకు అది లాభం, చిన్నవాటికి ఖర్చే. బీచ్ నుంచి మాత్రం ఏరి తేకండి. గట్టి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉంది, చచ్చిన ముక్కలు కూడా చిక్కు తెస్తాయి.

ప్రశ్న: ఒక కిట్ ఆల్కలినిటీ 8.2 అంటుంది, ఇంకోటి 9.6 అంటుంది. ఏది నమ్మాలి? పైగా నీళ్లు మార్చిన మర్నాడు అక్రోపోరా కొసలు కాలినట్టు అవుతున్నాయి.
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: మీరే ప్రమాణ ద్రావణం చేసుకోండి. కాల్చని వంట సోడా 3.0 గ్రాములు లీటరు డీఐ (లవణాలన్నీ తీసేసిన శుద్ధ) నీళ్లలో కరిగించండి. అందులోంచి 100 మి.లీ. తీసి, డీఐ నీళ్లు పోసి మళ్లీ లీటరు చేయండి. అది కచ్చితంగా 10 డీకేహెచ్. ఏ కిట్ దానికి దగ్గరగా చూపిస్తే అదే మీది. రెండో కిట్ పడేయనక్కర్లేదు, అది ఎంత తేడా చూపిస్తుందో దాని డబ్బా మీద రాసుకుంటే చాలు.

కొసల సంగతి: మీ సాల్ట్ మిక్స్ కలిపిన నీళ్ల ఆల్కలినిటీ కొలిచారా? కొన్ని మిక్స్‌లు 11, 12 వస్తాయి. 8 ఉన్న ట్యాంకులో 12 ఉన్న నీళ్లు 20 శాతం మారిస్తే ఒక్క పూటలో 0.8 ఎక్కుతుంది. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా దగ్గరుండి ఆల్కలినిటీ ఎక్కువైతే కొసలు కాలడం మామూలే. 8 దగ్గర కలిసే మిక్స్‌కు మారండి, లేదా 10 శాతం చొప్పున రెండు విడతల్లో మార్చండి. మొదటి జవాబులో చెప్పిన రెండు సీసాల పద్ధతి వాడుతుంటే ఉప్పదనం కూడా నెలకోసారి చూడండి. ఆ రసాయనాల్లో మిగిలే సోడియం, క్లోరైడ్ ట్యాంకులోనే పేరుకుంటాయి. ఒక పాలు ఉప్పునీళ్లు తీసేసి వట్టి డీఐ నీళ్లు పోస్తే సర్దుకుంటుంది.