కొత్త మోడల్ వస్తోందని ముందే చెప్పి నేను పోగొట్టుకున్న వేసవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరిద్దరు స్నేహితులు హన్మకొండలో వైఫై స్విచ్‌బోర్డులు తయారు చేసి అమ్ముతున్నారు. తెలుగులో మాట చెబితే లైటు వెలిగే కొత్త బోర్డు దసరాకు తెద్దామనుకుంటున్నారు. ఇప్పుడే వీడియో పెట్టి, డీలర్లకు చెప్పి, అడ్వాన్సులు తీసుకోవచ్చా అని అడిగారు.

వద్దు తమ్ముడూ. మీ పాత బోర్డులు షాపుల్లో ఉన్నంతకాలం నోరు మెదపకండి. నేను మెదిపాను, అందుకే చెబుతున్నాను.

2013లో నాకు హన్మకొండ నైంనగర్‌లో చిన్న వర్క్‌షాప్ ఉండేది. నలుగురు కుర్రాళ్లు, నేను. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు, అంటే కరెంటును నున్నటి అలలా కాకుండా చతురస్రపు మెట్లలా ఇచ్చేవి, తయారు చేసి నర్సంపేట, పరకాల, జమ్మికుంట, మహబూబాబాద్ షాపులకు వేసేవాళ్లం. అప్పటి కరెంటు కోతలు మీకు గుర్తుండకపోవచ్చు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఇన్వర్టర్ పెట్టుకోని మధ్యతరగతి ఇల్లు లేదన్నట్టు ఉండేది. మా ఏడాది తిండి ఆ నాలుగు నెలల్లోనే.

స్క్వేర్ వేవ్‌తో ఒక చిక్కు ఉంది. ఫ్యాన్ గుయ్‌మంటుంది, మోటారు ఉన్న వస్తువులు వేడెక్కుతాయి. అందుకని లైను కరెంటులా నున్నటి అల ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్ చేయడం మొదలుపెట్టాను. డిసెంబరులో టేబుల్ మీద రెండు ఫ్యాన్లు, రెండు ట్యూబులైట్లు, ఒక టీవీ హాయిగా నడిచాయి. చప్పుడే లేదు. ఆ సంతోషంలో సంక్రాంతికి పాంప్లెట్లు కొట్టించి డీలర్లందరికీ పంపాను. లోకల్ కేబుల్‌లో స్క్రోలింగ్ కూడా వేయించాను. ‘మార్చిలో వస్తోంది.’

అప్పటికి పాత మోడల్ 140 తయారై ఉన్నాయి. ఫిబ్రవరి మొదటి వారంలో ఆటోలో వేసుకుని నర్సంపేట వెళితే అక్కడి డీలరు దింపనివ్వలేదు. "అన్నా, కొత్తది వస్తదంటివి గదా, గీ పాతయి నాకెందుకు? ఉన్నయే కొంటలేరు" అన్నాడు. అతని తప్పేం లేదు. షాపులోకి వచ్చినవాడు "చప్పుడు లేనిది వస్తదట, ఆగుదాం" అని వెళ్లిపోతుంటే అతను మాత్రం ఏం చేస్తాడు? పరకాల అతనైతే నెల కిందట తీసుకున్నవి కూడా వాపసు పంపాడు. అవి అమ్ముడైతేనే డబ్బులిచ్చే పద్ధతిలో ఇచ్చిన సరుకు కాబట్టి నేను అడగడానికి లేదు.

ఇక కొత్తది మార్చిలో వచ్చిందా అంటే, రాలేదు. టేబుల్ మీద నడిచింది ఊళ్లో నడవలేదు. ముందు ఫ్రిజ్ సంగతి. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో లాగే కరెంటుకి జెడ్44 మాస్‌ఫెట్లు (కరెంటును ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) టపటపా పేలిపోయేవి. ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి నేను ఎన్నిసార్లు తిరిగానంటే, షాపతను నన్ను చూడగానే అడగకుండానే వాటి స్ట్రిప్ తీసి పెట్టేవాడు. అది ఎలాగో సర్దుకునేసరికి ఇంకో తలనొప్పి. నర్సంపేట పక్క ఊళ్లలో వ్యవసాయ మోటార్లు, ఇళ్లు ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉండేవి. మోటార్లు నడిచే వేళ ఇళ్లకు వచ్చేది 150, 160 వోల్టులే. ఆ వోల్టేజీకి నా చార్జర్ బ్యాటరీని నింపలేకపోయేది. ఇన్వర్టర్ మంచిదే, బ్యాటరీ ఖాళీ! ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ చుట్టించాలి, బోర్డు మళ్లీ గీయాలి. హన్మకొండలో 220 వోల్టుల మీద కూర్చుని పరీక్ష చేసినవాడికి ఇదెలా తెలుస్తుంది?

సరైన ముక్క చేతికి వచ్చేసరికి జులై చివర. బయట వాన. ఈలోగా పెద్ద కంపెనీల సైన్ వేవ్‌లు ఆ షాపుల్లోనే చేరిపోయాయి.

డబ్బు కంటే ఎక్కువ బాధపెట్టింది అడ్వాన్సులు. 31 మంది దగ్గర తలా 500 తీసుకున్నాను. అందులో పరకాల దగ్గరి స్కూలు సారు ఒకాయన ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేవాడు. కోప్పడేవాడు కాదు. "నా పైసలు అడుగుతలేను, డేటు చెప్పు చాలు" అనేవాడు. తిట్టినా బాగుండేదనిపించేది. ఆదివారం పొద్దున పది దాటితే నాకు టెన్షన్ మొదలయ్యేది. ఒకసారి లోపల ఉండి కూడా లేనని చెప్పించాను. ఆ సంగతి ఇప్పటికీ మింగుడుపడదు.

తర్వాత నిట్‌లో పనిచేసే ఒక సారు రిపేరుకొచ్చి, ఇది నీ ఒక్కడికే జరగలేదని ఆడమ్ ఆస్‌బోర్న్ కథ చెప్పారు. 1981లో 11 కిలోల, మోసుకెళ్లే కంప్యూటర్‌ను 1,795 డాలర్లకు అమ్మి పేరు తెచ్చుకున్న మనిషి. 1983లో తర్వాతి మోడల్ గురించి ముందే బయటపెట్టాడు. డీలర్లు పాతదాని ఆర్డర్లు ఆపేశారు. ఆ సెప్టెంబరుకల్లా కంపెనీ దివాలా. దీనికి ఆస్‌బోర్న్ ఎఫెక్ట్ అని పేరే పెట్టారు. ఆయన చిన్నతనం మన పక్కనే తిరువణ్ణామలైలో గడిచిందట, 2003లో చనిపోయింది కొడైకెనాల్‌లో. కంపెనీ మునగడానికి ఆ ప్రకటన ఒక్కటే కారణం కాదని, పోటీగా వచ్చిన కేప్రో కంప్యూటర్ కూడా కారణమని వాదించేవాళ్లున్నారు. కావచ్చు. నా సంగతీ అంతే, ఆలస్యం కూడా దెబ్బ కొట్టింది. కానీ నేను చెప్పకుండా ఉండి ఉంటే ఆలస్యమైనా ఆ 140 అమ్ముడుపోయేవి. అవి కుర్రాళ్ల జీతాలు గడిపేవి.

మరి యాపిల్ ఐఫోన్‌ను 2007 జనవరిలో చూపించి జూన్‌లో అమ్మలేదా అని మీరు అడగొచ్చు. వాళ్లకు అంతకుముందు సొంత ఫోనే లేదు. ఆగిపోవడానికి పాత అమ్మకాలు ఉంటే కదా! ఆగింది అవతలివాళ్ల అమ్మకాలు. అదే యాపిల్ 2017లో ఎయిర్‌పవర్ అనే చార్జింగ్ మ్యాట్ చూపించి, తయారు చేయలేక 2019 మార్చిలో మానేసింది. వాళ్లు తట్టుకుంటారు. మనకు రెండు నెలల కరెంటు బిల్లు ఆగితే షట్టర్ దించాలి.

నేనూ ఒకసారి ముందే చెప్పి బాగుపడ్డాను. 2017లో ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగే డబ్బా చేశాను. నా దగ్గర అలాంటిది ముందు లేదు. తేదీ చెప్పలేదు, ఫొటో పెట్టలేదు. సుబేదారి, కాజీపేట వైపు ఎలక్ట్రీషియన్లకు 12 ముక్కలు ఊరికే ఇచ్చి "ఇళ్లల్లో బిగించి తిట్లు తెచ్చివ్వండి" అన్నాను. తెచ్చారు. అవి సరిచేసి అమ్మకానికి పెట్టేనాటికి అడిగేవాళ్లు సిద్ధంగా ఉన్నారు.

మీ కొత్త బోర్డు పాతదాని కడుపు కొట్టే రకం. కాబట్టి దసరా అనే మాట మీ ఇద్దరి మధ్యే ఉంచుకోండి. పైగా ఆ తేదీ పూర్తిగా మీ చేతిలో లేదు. వైఫై ఉన్న వస్తువు కాబట్టి కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం డబ్ల్యూపీసీ నుంచి ఈటీఏ అనే పరికర అనుమతి కావాలి. మీరు వాడే మాడ్యూల్‌కి అది ఉందో లేదో ముందు చూసుకోండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) కింద ఏమేం వర్తిస్తాయో టెస్టింగ్ ల్యాబ్‌లో అడగండి, అక్కడ వరుసలో ఎన్నాళ్లు పడుతుందో కూడా. బోర్డు పైకి కనిపించే ప్యానెల్ డిజైన్‌కి రిజిస్ట్రేషన్ దరఖాస్తు చేయండి. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం దరఖాస్తుకు ముందే బయట పెట్టేసిన డిజైన్‌కు కొత్తదనం పోయినట్టే. మీరు సరదాగా పెట్టిన వీడియోనే మీకు అడ్డం తిరుగుతుంది.

అడ్వాన్సులు అస్సలు వద్దు. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఇంకా జాగ్రత్త. సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లో సరుకు కింద సర్దకపోతే అది కంపెనీల చట్టం లెక్కలో డిపాజిట్ అవుతుంది, డిపాజిట్ల నిబంధనలన్నీ మీద పడతాయి.

డీలర్లకు చెప్పాల్సింది అట్టపెట్టెలు గోదాములోకి వచ్చాక. చెప్పిన రోజే ఇంకో మాట కూడా చెప్పండి: గత రెండు నెలల్లో పాతది కొన్నవాళ్లు తేడా డబ్బు కట్టి మార్చుకోవచ్చు, షాపులో మిగిలినవాటికి తగ్గిన ధర తేడా మేమే భరిస్తాం అని. నాకు అప్పట్లో ఈ బుద్ధి పుట్టి ఉంటే ఆ పరకాల డీలరు ఇప్పటికీ నాతో మాట్లాడేవాడు.

ఇంతకీ పాత బోర్డులు షాపుల్లో ఎన్ని ఉన్నాయి, మీ దగ్గర ఎన్ని ఉన్నాయి? ఆ రెండు అంకెలు రాయండి, దసరాకా సంక్రాంతికా అన్నది అప్పుడు చూద్దాం.