ఆరువేల మీటర్ల ఎత్తున మట్టి తీసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

చిలీ, అర్జెంటీనా సరిహద్దు మీద 6,739 మీటర్ల ఎత్తున్న లుల్లాయిల్లాకో అగ్నిపర్వతానికి మట్టి నమూనాల కోసం బయలుదేరుతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. వెళ్లే ముందు ఒక విషయం మనసులో స్థిరపరచుకో. అక్కడ ఏ బ్యాక్టీరియా దొరికిందన్నది రెండో ప్రశ్న. దొరికినది నిజంగా అక్కడే బతుకుతోందా, లేక గాలి ఎక్కడి నుంచో మోసుకొచ్చి పడేస్తే ఎండిపోయి ఉండిపోయిందా అన్నది మొదటి ప్రశ్న. పనిముట్ల ఎంపిక నుంచి ప్రయోగశాలలో చివరి పరీక్ష దాకా నీ నిర్ణయాలన్నీ ఈ మొదటి ప్రశ్నకు లోబడి ఉండాలి.

ఈ సందేహానికి బలమైన కారణాలున్నాయి. ఆరువేల మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో సగానికి కూడా చేరదు. పడిన మంచులో చాలా భాగం కరగకుండానే ఆవిరైపోతుంది కాబట్టి మట్టికి దక్కే తడి అతి స్వల్పం. 2012లో కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ ప్రాంతపు అగ్నిపర్వతాల మట్టిని గురించి వెల్లడించినప్పుడు, ఉపరితల ఉష్ణోగ్రత ఒకే రోజులో మైనస్ 10 డిగ్రీల నుంచి 56 డిగ్రీల సెల్సియస్ వరకు మారినట్టు నమోదు చేశారు. ఆ మట్టిలో జీవజాతుల వైవిధ్యం చాలా తక్కువగా కనిపించింది. కిరణజన్య సంయోగక్రియ జరిపే జీవుల ఆనవాళ్లు దాదాపు లేవు. స్యూడోనోకార్డియా అనే బ్యాక్టీరియా ప్రజాతికి దగ్గరి బంధువులైన యాక్టినోబ్యాక్టీరియా (మట్టిలో సాధారణంగా ఉండే ఒక పెద్ద బ్యాక్టీరియా వర్గం) మాత్రం ప్రధానంగా కనిపించాయి.

జీవం ఇంత పలచగా ఉన్న మట్టిలో నీ చేతి చర్మం, నీ ఊపిరి, చివరకు డీఎన్‌ఏను వేరుచేసే కిట్ కూడా నమూనాను ముంచెత్తగలవు. ఆ కిట్లలోని రసాయనాల్లోనే కొద్దిగా బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఉంటుంది. సారవంతమైన పొలం మట్టిలో దాన్ని లెక్కచేయనక్కర లేదు కానీ, ఇక్కడ అదే ఫలితమై కూర్చుంటుంది. అందుకే బ్లాంకుల విషయంలో, అంటే మట్టి లేని పోలిక నమూనాల విషయంలో, పిసినారితనం వద్దు. పర్వతం మీద మూత తీసి, మట్టి వేయకుండానే మళ్లీ మూసిన సీసాలు కొన్ని, ప్రయోగశాలలో కిట్‌ను మట్టి లేకుండా నడిపిన గొట్టాలు కొన్ని, అన్నీ నమూనాలతో పాటే సీక్వెన్సింగ్‌కు, అంటే డీఎన్‌ఏ అక్షరక్రమాన్ని చదివే పరీక్షకు, వెళ్లాలి. మట్టి తీసేటప్పుడు గాలి నీ మీదుగా మట్టి వైపు వీచకుండా నిలబడు. ఎవరి అడుగూ పడని చోటునే ఎంచుకో.

డీఎన్‌ఏ దొరికినంత మాత్రాన ప్రాణం ఉన్నట్టు కాదు. చలి, పొడి ఉన్నచోట చచ్చిన కణాల డీఎన్‌ఏ చాలాకాలం చెడిపోకుండా నిలుస్తుంది. చచ్చిన కణాల డీఎన్‌ఏకు అతుక్కుని అది లెక్కలోకి రాకుండా అడ్డుకునే రంగును నమూనాలో ఒక భాగానికి ముందుగా కలిపి, కలపని భాగంతో పోల్చి చూడు. ఆ పోలికతోనే ఆగకుండా, జీవక్రియను నేరుగా కొలిచేందుకు సిద్ధపడు. ఆ అగ్నిపర్వతాల స్యూడోనోకార్డియాలో గాలిలోని అతి స్వల్ప వాయువులను శక్తికి వాడుకునే జన్యువులున్నాయని 2014లో జన్యు ఆధారాలు వచ్చాయి. సూర్యరశ్మిని పట్టే జీవులు లేని చోట ఆహారం ఎక్కడిదన్న ప్రశ్నకు ఇది నాకు అత్యంత ఆకర్షణీయంగా కనిపించే సమాధానం. అయినా జన్యువు ఉండటం సామర్థ్యానికి సాక్ష్యం మాత్రమే, పని జరుగుతోందనడానికి కాదు. కొద్ది మట్టిని సీసాలో మామూలు గాలితో బంధించి, లోపలి హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ రోజురోజుకూ తగ్గుతున్నాయేమో కొలువు. పక్కనే అదే మట్టిని వేడిచేసి, అందులోని జీవులను చంపిన సీసా కూడా పోలిక కోసం తప్పక ఉండాలి. అంటార్కిటికాలోని రాబిన్సన్ రిడ్జ్, ఆడమ్స్ ఫ్లాట్ మట్టిలో వాయువులు ఇలా వాడుకోబడుతున్నాయని 2017లో చూపించారు. నీ మట్టిలోనూ అది జరుగుతుందని ముందే అనుకోవద్దు.

బ్యాక్టీరియాను పెంచదలిస్తే పోషకాలు పలచగా ఉన్న పెంపక మాధ్యమాలు వాడి, నెలల తరబడి ఓపిక పట్టు. ఒకే ఉష్ణోగ్రత వద్ద ఉంచడం ఆ జీవికి పరాయి లోకం. ఈ ఎత్తుల మట్టిలో కనిపించే నగానిషియా అనే ఈస్ట్, బ్యాక్టీరియా కాకపోయినా, రోజూ గడ్డకట్టి కరిగే చక్రంలోనూ పెరగగలదని ప్రయోగాలు తేల్చాయి. అలాంటి చక్రం నీ బ్యాక్టీరియాకూ కల్పించి చూడు. అందుకు అక్కడి ఉష్ణోగ్రత లెక్కలు కావాలి కాబట్టి, నమోదు చేసే పరికరాన్ని ఉపరితలంలో ఒకటి, కొన్ని సెంటీమీటర్ల లోతున ఒకటి పాతిపెట్టి, ఏడాది తర్వాత తీసుకో.

దగ్గరలోని సొకొంపా అగ్నిపర్వతం మీద వెచ్చని ఆవిరి వెలువడే రంధ్రాల చుట్టూ నాచు, సయనోబ్యాక్టీరియా (సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకునే బ్యాక్టీరియా) పచ్చగా పరచుకుని ఉంటాయి. అక్కడ నమూనా తీస్తే దాన్ని పొడి మట్టితో కలిపి లెక్కించకు. ఆ రెండూ వేరు లోకాలు.

మూడువేల మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తును రోజుకు ఐదువందల మీటర్లకు మించి పెంచకు. తలనొప్పి, వాంతి మొదలైతే ఇంకా పైకి ఎక్కవద్దు, తగ్గకపోతే దిగిపో. శిఖరం మీద ‘ఇంకా’ అనే ప్రాచీన దక్షిణ అమెరికా నాగరికత నాటి పురావస్తు స్థలం ఉంది, 1999లో ముగ్గురు పిల్లల దేహాలు బయటపడినది అక్కడే. దాని దరిదాపుల్లో మట్టిని తాకవద్దు. మిగిలిన చోట్ల కూడా ఆయా దేశాల అనుమతి పత్రాలు చేతికి వచ్చాకే తవ్వు.

నమూనాలను గడ్డకట్టిన స్థితిలోనే దించు. దారిలో కరిగి తడి తగిలితే, సీసాలోనే కొన్ని కణాలు పెరిగి నీ లెక్కలన్నీ తారుమారు చేస్తాయి. ప్రతిదానిలో సగం మైనస్ 80 డిగ్రీల వద్ద దాచి ఉంచు. సీక్వెన్సింగ్ ముగిశాక నాకు ముందుగా బ్లాంకుల ఫలితాలు పంపు. వాటిలో ఏముందో ఇద్దరం కూర్చుని చూసిన తర్వాతే నమూనాల ఫలితాలు తెరుద్దాం.

ఆశీస్సులతో,
నీ గురువు