తాళం పగలకుండానే గోడౌన్‌లో సరుకు తగ్గుతోందంటే

గోడౌన్ షట్టర్ చెక్కుచెదరలేదు, కెమెరాలో ఎవరూ లేరు, అయినా కాపర్ వైర్ కట్టలు తగ్గాయి, ఏం చేయాలని ఓ గోడౌన్ యజమాని అడిగారు. అంటే వచ్చేవాడి దగ్గర తాళంచెవి ఉండే అవకాశం ఎక్కువ.

1. ముందు తాళంచెవులు లెక్కపెట్టండి. అందరూ వదిలేసేది ఇదే. కొన్నప్పుడు ఎన్ని వచ్చాయి, ఇప్పుడు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయి? పని మానేసిన కుర్రాడు తిరిగిచ్చినా, ఈలోపు డూప్లికేట్ చేయించి ఉండొచ్చు. లెక్క తేలకపోతే తాళమే మార్చేయండి, కొత్త కెమెరా కంటే చవక.

2. డీవీఆర్ (కెమెరా ఫుటేజ్ రికార్డు చేసే పెట్టె) టైమును ఫోన్‌తో సరిచూడండి. తేడా ఉంటే మీరు చూసింది అసలు ఆ వేళ ఫుటేజే కాకపోవచ్చు!

3. చీకటి పడ్డాక బయట ఓ చుట్టు తిరగండి. వెంటిలేటర్ కింద డబ్బాలు పేర్చి ఉంటే తీయించండి.

4. బర్గ్లరీ పాలసీలో (దొంగతనానికి తీసుకునే బీమా) బలవంతంగా చొరబడిన గుర్తులు లేకుంటే సాధారణంగా క్లెయిమ్ రాదు. పనివాళ్ల చేతివాటానికి ఫిడిలిటీ గ్యారంటీ అనే బీమా వేరే తీసుకోవాలి.