వాఫుల్స్ మెత్తబడిపోతున్నాయన్నావుగా బుజ్జీ, ఇదిగో చూడు

బుజ్జీ,

వాఫుల్ మేకర్ కొన్నావని, ప్యాకెట్ పొడి కలిపి పోస్తే రంగు బాగానే వచ్చినా పళ్లెంలో పెట్టేసరికి వాలిపోతున్నాయని రాశావు. ఆ ప్యాకెట్ పక్కన పెట్టెయ్. అందులో ఉండేదల్లా మైదా, పంచదార, బేకింగ్ పౌడర్, కాస్త పాలపొడి, అంతే. అవన్నీ నీ వంటింట్లో ఉన్నవే, పైగా నువ్వే కలిపితే ఏది ఎంత వేయాలో నీ చేతిలో ఉంటుంది.

అన్నిటికంటే ముందు ఒక్క సంగతి పట్టుకో, మిగతావన్నీ దాన్నుంచే వస్తాయి. వాఫుల్‌ని మెత్తబరిచేది నీళ్లు. పాలలో ఉన్నాయి, గుడ్లలో ఉన్నాయి, చివరికి వెన్నలో కూడా దాదాపు ఆరో వంతు నీళ్లే. ఇవన్నీ వేడికి ఆవిరై బయటికి పోవాలి. పైపొరలోంచి పోయిందా, కరకరలాడుతుంది. పోకముందే తీసేశావా, లోపల మిగిలిన ఆవిరి కాసేపటికి పైపొరలోకి చేరి దాన్ని నానబెట్టేస్తుంది. అంచేత రంగు చూసి తీయడం కాదు, ఆవిరి చూసి తీయాలి. నీ వాఫుల్స్‌కి జరుగుతున్నది ఇదేనని నా నమ్మకం.

ఇక కొలతలు. మైదా 200 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 50 గ్రాములు, బేకింగ్ పౌడర్ రెండు టీస్పూన్లు, వంట సోడా అర టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్, పంచదార రెండు టేబుల్ స్పూన్లు. ఇవి పొడివి. తడివి అంటావా, రెండు గుడ్లు, చిక్కటి మజ్జిగ 400 మిల్లీలీటర్లు, కరిగించిన వెన్న 100 గ్రాములు, ఇష్టమైతే కాస్త వెనీలా. మజ్జిగ అంటే నీళ్లు ఎక్కువ పోసి పల్చగా చేసింది కాదు, పెరుగుని కొంచెం నీళ్లతో చిలికినట్టు ఉండాలి. అది లేకపోతే పాలలో ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం పిండి పది నిమిషాలు వదిలెయ్, విరిగినట్టు అవుతుంది, అదే చాలు. ఉత్త పాలే వాడతానంటే మాత్రం సోడా మానేసి బేకింగ్ పౌడర్ ఇంకో టీస్పూన్ పెంచు, ఎందుకంటే సోడాకి పులుపు తగలకపోతే అది సరిగ్గా పొంగదు సరికదా, నాలుకకి సబ్బు రుచి తగులుతుంది.

కార్న్‌ఫ్లోర్ ఎందుకని అడుగుతావు, నాకు తెలుసు. మైదాకి తడి తగిలి కలిపేకొద్దీ జిగురు పుడుతుంది, ఆ జిగురే వాఫుల్‌ని సాగేలా చేసేది. కార్న్‌ఫ్లోర్‌లో అదుండదు. అందుకే మైదా కొంత తగ్గించి దాన్ని వేస్తే పైపొర పెళుసుగా వస్తుంది. ఒక్కసారి వేసి చూస్తే మళ్లీ మానవు. పంచదార మాత్రం పెంచకు, నీకు తీపి ఇష్టమని తెలిసే చెబుతున్నా. పంచదార ఎక్కువైతే లోపలి తడి పోకముందే పైన ఎర్రబడిపోతుంది, అయిపోయిందనుకుని తీసేస్తావు. పైగా ప్లేట్లకి అంటుకుంటుంది. తీపి పైన పోసుకునే దాంట్లోంచి రానీ.

వెన్నా నూనా అన్నది ఇంకో ప్రశ్న. రుచికి వెన్న, కరకరకి నూనె. నూనెలో నీళ్లుండవు కాబట్టి ఇంకాస్త పెళుసుగా వస్తుంది, కానీ వెన్న వాసన రాదు. నేనైతే సగం వెన్న, సగం వాసనలేని నూనె వేస్తాను. కొవ్వు తగ్గిద్దామని మాత్రం చూడకు. వాఫుల్ ప్లేటుకి అతుక్కోకుండా వచ్చేదీ, పైన వేగినట్టు అయ్యేదీ ఆ కొవ్వు వల్లే.

కలపడంలో చాలామంది తొందరపడేది ఇక్కడే. మజ్జిగ, గుడ్లు ఫ్రిజ్‌లోంచి ముందే తీసి బయట పెట్టు, చల్లటి మజ్జిగలో కరిగిన వెన్న పోస్తే అది వెంటనే గడ్డకట్టి పలుకులు పలుకులుగా తేలుతుంది. పొడివన్నీ ఒక పెద్ద గిన్నెలో జల్లించి కలుపు. తడివి వేరే గిన్నెలో గిలకొట్టు. పొడి పిండి మధ్యలో గుంట చేసి తడిది ఒకేసారి పోసి గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పు, పొడి పిండి కనబడకుండా పోగానే ఆపెయ్. చిన్న చిన్న ఉండలు ఉంటాయి, ఉండనీ! వాటిని చూసి విస్క్ పట్టుకుని కొట్టావంటే ఇందాక చెప్పిన జిగురు మొత్తం పుట్టేస్తుంది. మిక్సీ, ఎలక్ట్రిక్ బీటర్ ఈ పిండి దగ్గరికి రానీయకు. పది నిమిషాలు కదపకుండా పక్కన పెడితే ఆ ఉండలు వాటంతటవే తడిపీల్చుకుంటాయి. గరిటెతో తీసి వదిలితే ధారగా కాకుండా ముద్దలు ముద్దలుగా జారాలి, అదీ గుర్తు.

గుడ్ల తెల్లసొన వేరు చేసి గిలకొట్టి కలిపే పద్ధతి గురించి కూడా విన్నానన్నావు. నిజమే, తేడా ఉంటుంది. లోపల బోలుగా, తేలిగ్గా వస్తుంది. కానీ రోజూ పొద్దున్నే హడావుడిలో దానికోసం రెండో గిన్నె కడుక్కోనక్కర్లేదని నా అభిప్రాయం. సెలవు రోజున తీరిగ్గా చేసుకున్నప్పుడు చెయ్. గుడ్లు చల్లగా ఉన్నప్పుడు పగలగొడితే సొనలు సులభంగా విడిపోతాయి, ఆ తర్వాత తెల్లసొన కాసేపు బయట ఉంచి గిలకొట్టాలి. గిన్నెకి జిడ్డు గానీ, సొనలో పసుపు చుక్క గానీ ఉంటే ఎంతసేపు కొట్టినా నురగ నిలవదు. స్టీలు గిన్నె శుభ్రంగా తుడిచి వాడు. విస్క్ పైకెత్తితే నురగ కొస నిలబడి కాస్త వంగాలి, అక్కడ ఆపాలి. ఇంకా కొడితే పొడిపొడిగా విరుగుతుంది, పిండిలో కలవదు. పచ్చసొన మజ్జిగతో పాటే వెళ్లిపోతుంది. నురగ మాత్రం పిండి నానాక చివర్లో వేసి నెమ్మదిగా మడతపెట్టినట్టు కలిపి, ఆలస్యం చేయకుండా పోయడం మొదలుపెట్టు.

బేకింగ్ పౌడర్ డబ్బా ఎప్పుడు తెరిచావో గుర్తులేకపోతే అర టీస్పూన్ వేడినీళ్లలో వేసి చూడు. బుసబుసా పొంగాలి. పొంగకపోతే పారెయ్.

ఇప్పుడు అసలు పని. వాఫుల్ మేకర్ ఆన్ చేసి లైటు వెలగగానే పోసేయకు. ఆ లైటు వేడెక్కడం మొదటిసారి పూర్తయిందని చెబుతుంది, కానీ ప్లేటు మొత్తం సమంగా కాగడానికి ఇంకో మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. డిగ్రీల్లో చూపించేదైతే 190 నుంచి 200 మధ్య పెట్టు. బ్రష్‌తో నూనె పల్చగా రాయి, గళ్ల మూలల్లోకి కూడా వెళ్లాలి. డబ్బాల్లో వచ్చే స్ప్రేలు వద్దు, వాటిలో చాలావాటిలో ఉండే లెసిథిన్ వేడికి మాడి ప్లేట్ల మీద గోధుమరంగు జిగురు పొరలా పట్టేస్తుంది, నెల తిరక్కుండానే నాన్‌స్టిక్ ప్లేటు అంటుకోవడం మొదలవుతుంది.

పిండి మధ్యలో పోసి గరిటె వెనకతో కొంచెం సర్దు, అంచుల దాకా నింపకు, మూత బరువుకి అదే పాకుతుంది. మూత వేయగానే సుయ్ మంటుంది, పక్కలనుంచి తెల్లటి ఆవిరి గుప్పున వస్తుంది. అక్కడే నిలబడి చూడు, వేరే పనికి పోకు. మొదటి రెండు నిమిషాలు ఆవిరి దట్టంగా వస్తుంది, తర్వాత పల్చబడుతుంది, ఆ తర్వాత ఒక పక్కనుంచే ఉండీ లేనట్టు వస్తుంది, శబ్దం కూడా తగ్గిపోతుంది. అది దాదాపు ఆగాక ఇంకో అర నిమిషం ఆగి అప్పుడు మూత ఎత్తు. మధ్యలో తొందరపడి ఎత్తితే వాఫుల్ అడ్డంగా చీలి సగం పైన, సగం కింద అంటుకుంటుంది. ఎత్తుతుంటే మూత పట్టేసినట్టనిపిస్తే బలవంతం చేయకు, అది ఇంకా ఉడకలేదని అర్థం, అర నిమిషం ఆగితే తనే వదులుతుంది. మామూలుగా నాలుగైదు నిమిషాలు పడుతుంది, గళ్లు లోతుగా ఉంటే ఇంకాస్త. టైమర్ పెట్టుకో, తప్పులేదు, కానీ ఆవిరి మాట ముందు విను.

పొయ్యి మీద పెట్టే ఇనప వాఫుల్ అచ్చు ఎక్కడైనా చేతికొస్తే దాన్నీ వదులుకోకు. కరెంటు మేకర్లు రాకముందు అందరూ వాడింది అదే. 1869లో కొర్నీలియస్ స్వార్ట్‌వౌట్ అనే ఆయన అమెరికాలో పేటెంట్ తీసుకున్నది కూడా పొయ్యి మీద పెట్టి తేలిగ్గా తిరగేసే అచ్చుకే. అందులో వేడి కిందనుంచి ఒకటే వస్తుంది కాబట్టి పిండి పోసి మూసిన అర నిమిషానికే తిరగెయ్యాలి, ఆ తర్వాత కూడా అటూ ఇటూ తిప్పుతుండాలి. ఆవిరి లెక్క మాత్రం దానికీ ఇదే.

తీశాక ఏం చేస్తున్నావో నువ్వు రాయలేదు గానీ, ఒకదాని మీద ఒకటి పేర్చి పైన మూత పెడుతున్నావని నా అనుమానం. వేడి వాఫుల్‌లోంచి తీశాక కూడా కాసేపు ఆవిరి వస్తూనే ఉంటుంది. పళ్లెంలో పెడితే ఆ ఆవిరి అడుగున నీళ్లయి అటు పక్కంతా తడిసిపోతుంది. తీగల జాలీ మీద పెట్టు, కిందనుంచి గాలి ఆడాలి. అది లేకపోతే ఓవెన్‌లోని జాలీ అయినా సరే. ఇంట్లో అందరికీ కలిపి ఒకేసారి వడ్డించాలంటే ఓవెన్ 100 డిగ్రీల మీద ఉంచి, తీసినవి తీసినట్టు జాలీ మీద పక్కపక్కనే పెడుతూ పో. ఓ ఇరవై నిమిషాలు చక్కగా నిలబడతాయి, ఇంకా కాస్త కరకరలాడతాయి కూడా. సిరప్ గానీ తేనె గానీ ఎవరికి వారు తినబోయే ముందు పోసుకోవాలి. వంటింట్లోనే పోసి తెస్తే నీ కష్టమంతా ఆ గళ్లలో నానిపోతుంది.

గుడ్డు తినని వాళ్లకి చేయాలంటే ఒక్కో గుడ్డుకి బదులు పావు కప్పు చిక్కటి పెరుగు, మొత్తానికి ఒక చెంచా నూనె అదనంగా వెయ్. గుడ్డు లేనిది పట్టు తక్కువ, అందుకని మూత ఎత్తడానికి ఇంకో నిమిషం ఓపిక పట్టాలి.

ఇవి కుదిరాక ఈస్టుతో చెయ్, నాకు అన్నిటికంటే ఇష్టం అదే. బెల్జియంలోని బ్రస్సెల్స్ వాఫుల్ అసలు పద్ధతి ఈస్టుదే, జారు పిండితో లోతైన గళ్లలో చేస్తారు. అదే దేశంలో లియేజ్ పేరు మీద ఇంకోటి ఉంది, దానిది గట్టి ముద్ద, అందులో వేడికి పూర్తిగా కరగని లావుపాటి పంచదార పలుకులు వేస్తారు, అవి ప్లేటుకి తగిలి పాకమై పైన గట్టిపడతాయి. అది నాన్‌స్టిక్ ప్లేట్లకి కష్టం, దాని జోలికి ఇప్పుడే పోకు. జారుపిండిదైతే పైన చెప్పిన కొలతల్లోనే బేకింగ్ పౌడర్, సోడా, గుడ్లు తీసేసి, మజ్జిగకి బదులు గోరువెచ్చటి పాలు, ఒక టీస్పూన్ ఇన్‌స్టంట్ ఈస్టు వేసి సాయంత్రం కలిపి పెట్టు. గంటసేపు బయట ఉంచి, పొంగడం మొదలయ్యాక ఫ్రిజ్‌లో పెట్టెయ్. గిన్నె పెద్దది తీసుకో, రెండింతలవుతుంది. పొద్దున్నే గుడ్లు, పావు టీస్పూన్ సోడా వేసి కలిపి పొయ్యడమే. ఆ పులిసిన వాసన ఎంత బేకింగ్ పౌడర్ వేసినా రాదు.

మిగిలినవి పారేయకు. జాలీ మీద పూర్తిగా చల్లారాక విడివిడిగా ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, అప్పుడు సంచిలో వేసి పెట్టు. కావాల్సినప్పుడు నేరుగా టోస్టర్‌లో వెయ్. మైక్రోవేవ్ వద్దు, అది మళ్లీ ఆవిరి పుట్టించి రబ్బరులా చేసేస్తుంది. మేకర్ కాస్త వేడిగా ఉండగానే పొడి గుడ్డతో తుడువు, గళ్లలో ఇరుక్కున్న వాటిని చెక్క పుల్లతో తియ్యి, ఫోర్కు గానీ కత్తి గానీ తగలనీయకు. పంచదార మాడి పట్టేస్తే ప్లగ్ తీసేసి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తడి గుడ్డ పరిచి కాసేపు వదిలితే మెత్తబడి వస్తుంది.

ఈసారి చేసినప్పుడు కూడా మెత్తగా వచ్చిందనుకో, కొలతలు మార్చకు. ముందు అదే పిండితో తర్వాతి వాఫుల్‌ని ఒక నిమిషం ఎక్కువ ఉంచి చూడు. బయట మాడిపోయి లోపల పచ్చిగా ఉంటే వేడి తగ్గించి ఎక్కువసేపు ఉంచు. పాలిపోయి గట్టిగా వస్తే ప్లేటు సరిగ్గా కాగలేదన్నమాట, ఒక్కోటి తీశాక మూత వేసి ఒక నిమిషం మళ్లీ కాగనిచ్చి పొయ్యి. నమిలితే సాగుతోందంటే ఎక్కువ కలిపావు. ఏది ఎలా వచ్చిందో, ఎంతసేపు ఉంచావో రాసి పంపు, ఒకటి రెండు ఫొటోలు కూడా పెట్టు, విరిచి లోపల ఎలా ఉందో కనబడేలా తియ్యి.

పెద్దమ్మ