కెన్యా ప్రయాణం: డాలర్లు ఎన్ని, షిల్లింగులు ఎన్ని?

ప్రశ్న: ఆగస్టులో నేను, నా భార్య వారం రోజుల కోసం కెన్యా వెళ్తున్నాం. అందులో మూడు రోజులు మాసాయి మారా అభయారణ్యంలో ఉంటాం. డబ్బంతా డాలర్ల నోట్లుగా తీసుకెళ్లమని మిత్రులు, ముందే విదేశీ డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డు చాలని మా అబ్బాయి చెబుతున్నారు. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు ప్యాకేజీ కాగితాలు తీసి, మారా ప్రవేశ రుసుము అందులో కలిసి ఉందో లేదో చూడండి. జూలై నుంచి డిసెంబరు వరకు విదేశీ పర్యాటకులకు అది పెద్దవారికి రోజుకు 200 డాలర్లు కాబట్టి, మీ ఇద్దరికి మూడు రోజులకే 1,200 డాలర్లవుతుంది. ఇది తేలకుండా మిగతా లెక్క వేయలేం.

మీ అబ్బాయి మాట సగమే నిజం. మన బ్యాంకుల ఫారెక్స్ కార్డుల్లో సాధారణంగా కెన్యా షిల్లింగు ఉండదు; డాలర్లు నింపుకొని వెళ్లి షిల్లింగుల బిల్లు కడితే, చాలా కార్డులు మారకంపై మళ్లీ రుసుము వేస్తాయి. అది 3.5 శాతమైతే 100 డాలర్ల బిల్లుకు మూడున్నర డాలర్లు అదనం. అందువల్ల డాలర్లలోనే బిల్లు వేసే లాడ్జీలకు ఆ కార్డు వాడండి. రూపాయల్లో నడిచే మన మామూలు బ్యాంకు కార్డు గీసినప్పుడు యంత్రం రూపాయల్లోనా, షిల్లింగుల్లోనా అని అడిగితే షిల్లింగులే ఎంచుకోండి.

చిల్లర ఖర్చులకు అక్కడివారు ఎక్కువగా వాడేది 2007లో సఫారికామ్ అనే టెలికాం సంస్థ మొదలుపెట్టిన ఎం-పెసా, అంటే మొబైల్ ఫోన్‌తో డబ్బు చెల్లించే సేవ. పాస్‌పోర్టు చూపి సిమ్ తీసుకుని, ఏజెంటు దగ్గర నగదు జమ చేస్తే చాలు. కాల్చిన మొక్కజొన్న పొత్తుకైనా దుకాణం టిల్ నంబరు (చెల్లింపుల కోసం దుకాణానికి ఇచ్చే నంబరు), మొత్తం, పిన్ నొక్కి చెల్లించవచ్చు. అయితే తెరపై కనిపించే పేరు చూసుకున్నాకే ఖరారు చేయండి. మన యూపీఐ 2024 ఫిబ్రవరిలో మారిషస్‌కు చేరింది గానీ, దాన్ని నమ్ముకొని కెన్యా వెళ్లకండి.

నోట్ల విషయానికొస్తే, రిజర్వు బ్యాంకు ఒక్కొక్కరికి ఒక పర్యటనకు 3,000 డాలర్ల వరకు అనుమతించినా, రుసుము ముందే కట్టి ఉంటే ఇద్దరికీ కలిపి 400 డాలర్లు చాలని నా అభిప్రాయం. పాత సిరీస్ నోట్లనూ, గీతలు, చిరుగులు ఉన్నవాటినీ అక్కడ చాలామంది తీసుకోరు కనుక, ఇక్కడ కొనేటప్పుడే నోటుపై ఉన్న సంవత్సరం చూసుకోండి.

మిగిలిన డాలర్లలో 2,000 వరకు ఇంట్లో ఉంచుకోవచ్చు. షిల్లింగులను మాత్రం ఎం-పెసా నుంచి తీసి నైరోబి విమానాశ్రయంలోనే మార్చుకోండి. విజయవాడలో వాటిని కొనేవారు దొరకడం కష్టం.